విశాఖలో 300 మందితో పెళ్ళి: మేం లెక్కేసుకున్న పద్ధతి

పెళ్ళి ఖర్చు తగ్గించాలనుకోగానే చాలామంది చీరల దగ్గర, స్టేజీ డెకరేషన్ దగ్గర కోత మొదలుపెడతారు. అసలు డబ్బు కరిగిపోయేది తలల లెక్కలో. అందుకే మేం హాలు చూడకముందే రెండు జాబితాలు రాశాం. ఒకపూట భోంచేసి వెళ్ళేవాళ్ళు ఒకదాంట్లో, ఇంట్లో దిగే చుట్టాలు రెండోదాంట్లో. దిగేవాళ్ళ పేర్ల పక్కన ఎన్ని పూటలు ఉంటారో కూడా రాయాలి. 40 మంది నాలుగు పూటలు తింటే అది 160 భోజనాలు. ఈ లెక్క చాలా ఇళ్ళల్లో పెళ్ళయ్యాకే బయటపడుతుంది.

తర్వాత ముహూర్తం. పంతులుగారిని ఒకటి కాదు, మూడు అడగాలి. ఆషాఢం, మూఢాలు, శూన్యమాసాలు పోగా మిగిలే కొద్ది రోజుల మీదే ఊరంతా పడుతుంది. హాలు, సన్నాయి మేళం, పూలు, వంటవాళ్ళు అన్నీ ఆ రోజుల్లోనే పెరుగుతాయి. వారం మధ్యలో ముహూర్తం దొరికితే అద్దె బేరమాడొచ్చు. ఆదివారానికి ఆ మాట ఎత్తనివ్వరు. మన వైపు రాత్రి ముహూర్తాలు ఎక్కువ. రాత్రి పెళ్ళంటే సాయంత్రం టిఫిను, రాత్రి భోజనం, తెల్లారి కాఫీ టిఫిన్లు, మధ్యాహ్నం మళ్ళీ భోజనం, పైగా గదులు. ఉదయం 9, 11 మధ్య ముహూర్తం దొరికితే ఒక టిఫిను, ఒక భోజనంతో అయిపోతుంది. పగటి ముహూర్తం పట్టుకోవడం ఒక్కటే మాకు అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది.

అక్షయ తృతీయ నాడు పెళ్ళి పెట్టుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అదే రోజు సింహాచలంలో చందనోత్సవం. ఆ రోజుకి గోపాలపట్నం, అడవివరం వైపు హాలు తీసుకుంటే పెళ్ళివారి బస్సు భక్తుల రద్దీలో ఇరుక్కుంటుంది.

హాలు ఎక్కడ అన్నది మగపెళ్ళివారు ఏ దారిన వస్తారో చూసి తేల్చుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి హైవే మీద వచ్చేవాళ్ళకి ఆనందపురం, మధురవాడ దగ్గర. అనకాపల్లి, తుని వైపువాళ్ళకి కూర్మన్నపాలెం, గాజువాక. ఊరి నడిబొడ్డున హాలు తీసుకుని, బస్సు పెట్టడానికి చోటు లేక తిప్పలు పడటం కంటే ఇది నయం. పెళ్ళివారికి ఆర్టీసీ బస్సే అద్దెకి తీసుకోవచ్చు. కిలోమీటర్ల లెక్క, వెయిటింగు లెక్క ముందే అడిగి ఉంచుకోవాలి.

హాలువాళ్ళు చెప్పే అద్దె అసలు అద్దె కాదు. కరెంటు మీటరు లెక్కన విడిగా, జనరేటరు డీజిల్ గంటకింత, క్లీనింగు, ఏసీ, గదులు, బయటి వంటవాళ్ళని తెచ్చుకుంటే దానికో రుసుము. అద్దె మీద 18 శాతం జీఎస్టీ కలిపి చెప్తున్నారా, విడిగానా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. తాళాలు చేతికొచ్చినప్పుడు ఒకసారి, అప్పగించేటప్పుడు ఒకసారి కరెంటు మీటరు ఫొటో తీయాలి. జనరేటరు గంటల మీటరు కూడా. అద్దెకిచ్చే 24 గంటలు ఎప్పటినుంచి మొదలవుతాయో అడగాలి. ముందురోజు సాయంత్రం నుంచి ఇవ్వకపోతే వంటసామాను దింపడానికే ఇంకో పూట అద్దె పడుతుంది. హోమం సంగతీ అడగాలి. మూసి ఉన్న ఏసీ హాల్లో పొగ పోయే దారి లేక మంటపం మీద పంతులుగారికి, వధూవరులకి కళ్ళు మండుతాయి.

భీమిలి రోడ్డులో సముద్రం పక్క లాన్లు చూడ్డానికి బావుంటాయి గానీ, అక్టోబరు, నవంబరులో నేను వాటి జోలికి వెళ్ళమని చెప్పను. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. అంతటి తుపాను రాకపోయినా, ఆ నెలల్లో ఒక్క అల్పపీడనం చాలు షామియానా తడిసి ముద్దవడానికి. ఆరుబయట మైకులు రాత్రి 10 తర్వాత కుదరవని కూడా లెక్కలో ఉంచుకోండి.

ఇక భోజనాలు. రెండు దారులున్నాయి. ఆకు లెక్కన, అంటే తిన్న మనిషికింత అని, కేటరింగు ఇవ్వడం ఒకటి, సరుకులు మనం తెచ్చి వంటమేస్త్రికి కూలి ఇవ్వడం రెండోది. సరుకు దగ్గర కదలకుండా నిలబడే మనిషి ఇంట్లో ఉంటేనే రెండోది. లేకపోతే మిగిలిందనుకున్న డబ్బు నూనె డబ్బాల్లో పోతుంది. అలాంటి మనిషి ఉన్నారు కాబట్టి మేం రెండోదే ఎంచుకున్నాం. ఐటమ్‌లు ఎక్కువున్న భోజనానికి 100 మందికి 10 కిలోల బియ్యం చాలు. కాబట్టి 300 మందికి అన్నానికి 30, పులిహోరకి విడిగా 6 కిలోలు. పప్పుకీ సాంబారుకీ కలిపి కందిపప్పు 12 కిలోలు. గారెలకి మినపప్పు 8 కిలోలు, కిలోకి సుమారు 40 గారెలు వస్తాయి. బూరెలకి శనగపప్పు 6 కిలోలు, అంతే బెల్లం. బెల్లం అనకాపల్లిదే తెచ్చాం. మరీ తెల్లగా మెరిసేది కాకుండా కాస్త ముదురు రంగుది చూసి తీసుకోవాలి. గుత్తివంకాయ మనిషికి రెండు చొప్పున 30 కిలోల పైనే. వేపుడుకి బంగాళాదుంప 20 కిలోలు. కూరగాయలు, పచారీ సరుకులు పూర్ణా మార్కెట్‌లో. బేరానికి వెళ్ళేముందు ఎంవీపీ కాలనీ రైతు బజారు బోర్డు మీద ఆరోజు ధరలు చూసుకుంటే మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది.

పెరుగు దగ్గరే ఈ ఊళ్ళో చాలామంది దెబ్బతింటారు. 300 మందికి 30 లీటర్ల పాలు. ముందురోజు సాయంత్రమే తోడుపెడితే మన ఉక్కకి మధ్యాహ్నం బంతి వేళకి పుల్లబడిపోతుంది. రాత్రి పొద్దుపోయాక, పాలు గోరువెచ్చగా అయ్యాక, తోడు తగ్గించి వెయ్యాలి. వేసవిలో అయితే డెయిరీ పెరుగు డబ్బాలు ఉదయమే తెప్పించడం మేలు. తాగేనీళ్ళు మనిషికి లీటరు, అంటే 20 లీటర్ల టిన్నులు 15. ఎండాకాలం ఇంకో ఎనిమిది. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు రెండు పడతాయి, మూడోది పక్కన ఉండాలి. బూరెల మూకుడు పొయ్యి మీద ఉండగా గ్యాసు అయిపోతే ఆ వాయంతా నూనె పీల్చేస్తుంది.

కేటరింగుకి ఇచ్చేవాళ్ళు ఆకుల లెక్క తమ చేతిలో ఉంచుకోవాలి. వంట మొదలవకముందే కట్టలు విప్పించి ఆకులు లెక్కపెట్టి, చిరిగినవి తీసేసి, ఆ సంఖ్య కాగితం మీద రాసి మేస్త్రి చేత సంతకం పెట్టించాలి. ఆఖరి బంతి లేచాక మిగిలినవి లెక్కపెడితే ఎందరు తిన్నారో తేలిపోతుంది. వడ్డించేవాళ్ళ భోజనాలు లెక్కలో కలుస్తాయా, లేదా అన్నది ముందే మాట్లాడుకోవాలి. కనీసం ఇన్ని ఆకులని ఒప్పుకునేటప్పుడు అనుకున్నదానికంటే పదో వంతు తక్కువే చెప్పాలి. ఆకుకి 50 రూపాయలు తేడా వస్తే 300 మందికి 15,000. బేరం రేటు మీదకంటే ఐటమ్‌ల మీద చేయడం మంచిది. రెండో స్వీటు, మూడో వేపుడు తీసేస్తే ఎవరూ గమనించరు. పప్పులో నెయ్యి తగ్గితే మాత్రం అందరికీ తెలుస్తుంది.

బంగారానికి కురుపాం మార్కెట్. పుస్తెలు రెండు, పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. 2 గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్కు తప్పనిసరి కాదు. కాబట్టి గ్రామున్నర పుస్తె మీద ముద్ర లేకపోతే మోసమని కంగారుపడక్కర్లేదు. బిల్లులో క్యారెట్లు, బరువు, తరుగు విడివిడిగా ఉండాలి. నానుతాడుకి మాత్రం హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిసి ఆరుండే హాల్‌మార్కు గుర్తింపు సంఖ్య, ఉండి తీరాలి. అది బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. డబ్బు సర్దుబాటు కాకపోతే పసుపుతాడుతోనే కట్టించి, నానుతాడు తర్వాత చేయించుకోవచ్చు. శాస్త్రానికి ఏ లోటూ లేదు.

తాంబూలంలోకి ప్లాస్టిక్ డబ్బాల బదులు ఏటికొప్పాక కుంకుమ భరిణెలు ఇచ్చాం. లక్కపని చేతిపని కాబట్టి ఆర్డరు ముందే ఇవ్వాలి.

శుభలేఖ అచ్చుకి ఇచ్చేముందు ఇద్దరి పేర్లూ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉన్నాయో అలాగే, ఇంటిపేరుతో సహా, ఇంగ్లీషులో కూడా ఉన్నాయో లేదో చూసుకోవాలి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద పెళ్ళి నమోదు చేయించేటప్పుడు ఆ కార్డు, వయసు, చిరునామా పత్రాలు, పెళ్ళి ఫొటో, సాక్షులు కావాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా వెనక్కి పంపే అవకాశం ఉంది. ఫొటోగ్రాఫర్‌కి కూడా ముందే చెప్పాలి: తాళి కట్టేటప్పుడు ఇద్దరి మొహాలూ కనిపించే ఫొటో ఒకటి తప్పకుండా ఉండాలని.