నాన్న కొట్లోని కరక్కాయలు

బీటెక్ చివరి ఏడాదిలో వచ్చిన ఉద్యోగం వదులుకుని కలంకారీ నేర్చుకుంటానని చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరూ కేకలు వేయలేదు. నాన్న మాట్లాడకుండా కొట్టు తెరవడానికి వెళ్లిపోయారు. అమ్మ మాత్రం, "సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లు అమ్మాయి ఏమి చేస్తుందని అడిగితే ఏమని చెప్పను?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మాది గూడూరు. నాన్నది పచారీ కొట్టు. వెంకటగిరి మీదుగా వెళ్లే రైలెక్కి శ్రీకాళహస్తిలో ఒక గురువుగారి దగ్గరికి వెళ్లేదాన్ని. ఆయన ఈ పనిని పాత పేరుతో వ్రాతపని అంటారు. 2008లో జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి కలంకారీకే పద్మశ్రీ వచ్చిందని నాన్నకు ఉత్సాహంగా చెప్పాను. "ఆయనకు ఇంట్లో తండ్రి నేర్పారు. నేను నీకు నేర్పగలిగింది తూకం వేయడమే కదమ్మా" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, దిగులుంది. ఆ తరువాత నేను వాదించలేదు.

కలంకారీకి ముందు నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టాలి. ఎరుపు పట్టాలంటే పటిక ఉండాలి. కరక్కాయలు, బెల్లం, పటిక మూడూ నాన్న కొట్లోనే ఉన్నాయి. అందరిలాగే డబ్బిచ్చి ఆయన దగ్గరే కొన్నాను. మొదట చేతికందినవి తూచి ఇచ్చేవారు. నెల తిరిగేసరికి పుచ్చులు ఏరి పక్కన పడేయడం చూశాను.

ఒక ఆదివారం పెరట్లో గుడ్డ పరిచి, వెదురు కలం కుండలో ముంచి గీత గీశాను. కుండలో పలచటి గోధుమరంగులో ఉండే ఆ నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడతాయి. నాన్న వంగి చూశారు. "ఇవి నేను తూచిన కాయలేనా?" అని అడిగారు. ఇంకో గీత గీయమన్నారు.

ఆ రాత్రి నా లెక్కల పుస్తకం తెమ్మన్నారు. గుడ్డ, పాలు, రైలు చార్జీలు అన్నీ రాసి ఉన్నాయి. "దుపట్టాకు 11 రోజులు పట్టింది కదా, నీ కూలి ఏది?" నేను రాయలేదు. ఆయనే కలం తీసుకుని రోజుకు 400 చొప్పున 4,400 వేసి కింద గీత కొట్టారు. ఆయన నా పనిని కూడా ఒక పనిగా లెక్కించిన మొదటి రాత్రి అది. నాకు ఏడుపొచ్చింది. "రెండేళ్లు చూద్దాం. ప్రతి నెలా లెక్క చూపించాలి" అన్నారు.

అమ్మ ఆ తరువాత కూడా చాలాకాలం ముభావంగానే ఉంది. గేదె పాల వాసనకు వంటింటి తలుపు వేసుకునేది. మొన్న ఎవరో బంధువులు ఫోన్ చేశారు. నేను పక్క గదిలో రంగు కలుపుతున్నాను. అవతల ఏమి అడిగారో వినపడలేదు కానీ, అమ్మ మాట స్పష్టంగా వినిపించింది.

"మా అమ్మాయి వ్రాతపని చేస్తుందండీ."