ఇక్కు! ఎక్కు!

మూడోసారీ వెల్లకిలా పడ్డాను.

పడగొట్టినావిడకు అరవై దాటి ఉంటాయి. బలం చూపించిందీ లేదు. నా మడమ వెనక తన పాదం ఆనించి ఇలా లాగింది, అంతే. ఆవిడ వేసుకున్న తెల్లటి హన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) నలగనైనా లేదు.

సియోల్‌లో ఈ రోజు కొరియా సంప్రదాయ యుద్ధకళ తెక్‌క్యోన్‌లో నా మొదటి తరగతి. తైక్వాండోలా గాలిని కోసే తన్నులుంటాయనుకుని ఉత్సాహంగా వెళ్లాను. గంటసేపూ నేర్పింది ఒక్క అడుగే, పుంబాప్కి. నేల మీద ముక్కోణం ఊహించుకుని, మోకాళ్లు వదులుగా వంచి, దాని మూలల మీద ఊగుతూ అడుగులు వేయాలి. చూసేవాళ్లకు అది నాట్యం. నా తొడలకు మాత్రం బడిలో తీయించిన గుంజీలు.

ఊపిరి వదులుతూ "ఇక్కు! ఎక్కు!" అని అరవాలి. తెలుగు చెవికి ఎవరో బస్సు ఎక్కమంటున్నట్టే ఉంది. నవ్వాపుకోలేకపోయాను. రెండోసారి పడింది అందుకే.

పోటీలో ప్రత్యర్థిని పడగొట్టినా, తలకు కాలు తగిలించినా గెలుపే. కానీ గాయపరిచేలా కాదు, తోసినట్టు తన్నాలి. 2011లో యునెస్కో జాబితాకెక్కిన ఈ విద్యలో నాకు నచ్చిన మర్యాద ఇదే.

చేయందించి లేపుతూ ఆవిడ, "భుజాలు బిగించకండి, నడుము ఊగనివ్వండి" అన్నారు.

ప్రస్తుతం మెట్రో మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఇంకా ఇరవై దిగాలి.