గ్రూపు లోను తీసుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

బెంగళూరు కేఆర్ పురం, మారతహళ్లి వైపు టిఫిన్ బండి పెట్టాలనుకునే మనవాళ్లు చాలామంది ముందు అడిగేది గ్రూపు లోను, అంటే కొందరు గ్రూపుగా చేరి, ఒకరికొకరు పూచీగా ఉండి మైక్రోఫైనాన్స్ సంస్థ దగ్గర తీసుకునే చిన్న అప్పు. తాకట్టు అక్కర్లేదు, నిజమే. వడ్డీ దగ్గరే బోల్తా పడతారు. 40,000 రూపాయలు, 24 నెలలు, తగ్గే బాకీ మీద (ఇంకా తీర్చాల్సిన అసలు మీదే వడ్డీ) ఏడాదికి 24 శాతం అంటే నెల కంతు దాదాపు 2,115. మొత్తం వడ్డీ 10,750 పైచిలుకు. ఇదే అప్పును ఫ్లాట్ రేటులో, అంటే చివరిదాకా మొదటి 40,000 మీదే లెక్కగట్టి చెబితే, 13.5 శాతమే అనిపిస్తుంది! అందుకే నోటి మాట వినకుండా వడ్డీ, ఛార్జీలు రాసి ఉండే ఫ్యాక్ట్‌షీటు అడిగి తీసుకోండి.

రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం అన్ని అప్పుల కంతులూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. 18,000 వచ్చే ఇంటికి 9,000. స్కూటర్ ఈఎంఐ కూడా ఇందులోకే వస్తుంది. గ్రూపు లోను ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు.

ఈ లోన్లతో పేదరికం తగ్గుతుందా? హైదరాబాద్ బస్తీల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనంలో వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది గానీ, మొత్తమ్మీద ఇంటి ఖర్చు స్థాయి చెప్పుకోదగ్గంత మారలేదు. నాకిది వింతేం కాదు. బండి మర్నాటి నుంచే సంపాదిస్తుంది, ఫంక్షన్‌కు పెట్టిన డబ్బు సంపాదించదు. అలా ఫంక్షన్‌కు ఖర్చయిన లోను కంతు కట్టడానికి రెండో లోను, దాని కోసం మూడోది. ఒకరు ఎగ్గొడితే గ్రూపులో మిగతావాళ్ల మీద పడుతుంది.