పర్లాకిమిడి నుంచి ప్రాగ్ దాకా

నా పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు సాబిత్రి. ఆధార్‌లో సావిత్రి. కథల పుస్తకం అట్ట మీదా సావిత్రే. మనం 'వ' అనే చోట ఒడియాలో 'బ' అంటారు, రాసేటప్పుడూ అంతే. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి తెలుగువాళ్ళలో ఇలా రెండు పేర్లతో బతికేవాళ్ళు చాలామంది. ఇంట్లో వెంకటరావు, బడి రిజిస్టర్‌లో బెంకటరావు. నలభై ఆరేళ్ళ వరకూ నాకు దాంతో పని పడలేదు. ప్రాగ్ నగరానికి దరఖాస్తు పెట్టాలనుకున్నాక పడింది.

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌ని 2014లో యునెస్కో సాహిత్య నగరంగా గుర్తించింది. ఆ నగరం బయటి దేశాల రచయితలను పిలిచి రెండేసి నెలలు తన దగ్గర ఉంచుకుంటుంది. ఉండడానికి చోటు ఇస్తారు, చేతి ఖర్చుకు కొంత డబ్బు ఇస్తారు. మనం చేయాల్సింది రాసుకోవడం, అక్కడివాళ్ళ ముందు ఒకటి రెండు సభల్లో చదవడం. అమెరికాలోని అయోవాలో 1967 నుంచి ఇలాంటిదే నడుస్తోందని చాలాకాలంగా తెలుసు. కానీ అక్కడికి ఎక్కువమంది అమెరికా రాయబార కార్యాలయాలు పేరు సూచిస్తే వెళ్తారు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకునే నాకు ఆ దారి ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియదు. ప్రాగ్‌కైతే మన దరఖాస్తు మనమే పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది ఉత్తరానికి. ఎందుకు రావాలనుకుంటున్నారో చెప్పమన్నారు. మొదట రాసిందాంట్లో ప్రాగ్ ఎంత అందమైనదో రెండు పేజీలు రాశాను. చూడని ఊరిని పొగడడం నాకే నచ్చక చించేశాను. మళ్ళీ కూర్చున్నప్పుడు మా ఊరి గురించే రాశాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో కలిసిందని, జనం వాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడి, సవరల భాషకు నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు అన్నేళ్ళు పాఠం చెప్పిన ఊరు ఇదేనని, ఇది ఒడిశాలో కలవడం ఇష్టం లేక ఆయన ఊరు విడిచి వెళ్ళారని. మేం విడిచి వెళ్ళలేదు. ఆఫీసులో ఒడియా, ఇంట్లో తెలుగు. రచయిత కాఫ్కా కూడా చెక్ మాట్లాడే ప్రాగ్‌లో పుట్టి జర్మన్‌లో రాశాడు కదా, ఊరి భాష ఒకటి, రాత భాష ఇంకొకటి అయినవాళ్ళు ఎలా రాశారో ఆ వీధుల్లో తిరిగి తెలుసుకోవాలని ఉంది అని రాశాను. నిజంగా నా మనసులో ఉన్నది అదే. అది దొరకడానికి పదిహేను రోజులు పట్టింది. ఎవరైనా దరఖాస్తు పెట్టాలనుకుంటే ఈ ఉత్తరానికి నెల రోజులు పెట్టుకోమంటాను.

తర్వాత అనువాదం. ఇంగ్లీషులో నమూనా పేజీలు పంపాలి. శ్రీకాకుళంలో ఇంగ్లీషు చెప్పే మా ఆడపడుచు చేస్తానంది. నేను ఇచ్చిన కథ పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే మా ఊరి కొమ్ము పనివాళ్ళది. కొమ్మును నిప్పు మీద వేడిచేసి, మెత్తబడగానే వంచాలి. చల్లారిందా, ఇక వంగదు. కథలో తల్లి కూతుర్ని కేకేస్తుంది: "బేగి పట్టవే, సల్లారిపోతాది!"

రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "వదినా, ఈ 'బేగి' తెలుగా ఒడియానా?"

"రెండూనమ్మా. మనమూ అంటాం, వాళ్ళూ అంటారు."

"ఇంగ్లీషులో తొందరగా అని పెడితే సరిపోవట్లేదు. బస్సుకి ఆలస్యమైనట్టుంది."

నిజమే. ఆ తల్లి గొంతులో ఉన్నది తొందర కాదు, చేతిలో చల్లారిపోతున్న కొమ్ము. నాలుగు రోజులు రకరకాల మాటలు పెట్టి చూసింది. చివరికి 'బేగి'ని అలాగే ఉంచేసి, ముందు వాక్యంలో కొమ్ము రంగు మారడం, తల్లి వేళ్ళు బిగుసుకోవడం ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. నా తెలుగు కథలో ఆ వేళ్ళు లేవు. అనువాదం చూశాక తెలుగులోనూ చేర్చుకున్నాను.

పాస్‌పోర్ట్ సంగతి క్లుప్తంగా చెప్తాను. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ ఒకే పేరు చెప్పకపోతే పని జరగదన్నారు. సర్టిఫికెట్ మార్పించడం ఏళ్ళ పని. ఆధార్‌లో పేరు రెండుసార్లు మార్చుకోవచ్చు. కాబట్టి ఆధార్‌లోనూ సాబిత్రినయ్యాను. బరంపురం రెండుసార్లు తిరిగాక పాస్‌పోర్ట్ చేతికొచ్చింది. ఆ పేరు చూసుకున్నప్పుడు బాధేసింది, దాచుకోను. సావిత్రి అనేది మా అమ్మ పెట్టిన పేరు.

దరఖాస్తు పంపిన తర్వాత నెలలు గడిచాయి. ఎంపికయ్యానని ఉత్తరం వచ్చిన రోజు బడిలో ఇన్విజిలేషన్‌లో ఉన్నాను. పరీక్ష అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు, పిల్లల ముందు ఏడుస్తానేమోనని.

అసలు టెన్షన్ వీసాతో మొదలైంది. ఆహ్వాన పత్రం సావిత్రి పేరుతో వచ్చింది, పాస్‌పోర్ట్‌లో ఉన్నది సాబిత్రి. సంగతి వివరంగా రాస్తే వాళ్ళు విసుక్కోకుండా రెండు పేర్లూ వేసి మళ్ళీ పంపారు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి 15 రోజుల ముందైనా దరఖాస్తు పడాలి, 6 నెలల కంటే ముందు తీసుకోరు. రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా ఉండాలి. వీటికి తోడు బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం లేని సెలవు ఇస్తున్నట్టు బడి ఉత్తరం, బస కాగితం. ఫోటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు ఉండాలి. మా స్టూడియో అబ్బాయి మామూలు పాస్‌పోర్ట్ ఫోటో ఇచ్చేశాడు, మళ్ళీ తీయించాను. వేలిముద్రలు ఇవ్వడానికి వీసా కేంద్రానికి స్వయంగా వెళ్ళాలి కనుక పలాసలో రైలెక్కాను. ఫైలు ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చున్నాను, నిద్రపోతే జారిపోతుందని భయం. కౌంటర్‌లో అమ్మాయి రెండు పేర్లున్న ఆహ్వానం చూసి, "ఇద్దరూ మీరేనా?" అని అడిగింది. పుస్తకం తీసి అట్ట మీది పేరు చూపించి, ఒడియాలో 'వ' ఎలా 'బ' అవుతుందో చెప్పాను. ఓపిగ్గా విన్నది. ఇలాంటివాళ్ళు ఇంకా వస్తారు కాబట్టి రెండు పేర్లూ ఒకరివేనని ఒక అఫిడవిట్ కూడా వెంట తెచ్చుకుంటే మంచిదని చెప్పింది. మా సరిహద్దువాళ్ళెవరికైనా ఉపయోగపడుతుందని ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

పన్నెండో రోజున వీసా వచ్చింది.

వెళ్ళడానికి వారం ముందు ప్రాగ్ నుంచి ఇంకో ప్రశ్న. నేను చదవబోయే సభ ప్రకటనలో పేరు ఎలా వేయాలి? నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో తెలుగులో సావిత్రి అని రాసి, ఫోటో తీసి పంపాను. మర్నాడు జవాబు. ఆ పేరు ఎలా పలకాలో రికార్డు చేసి పంపగలరా అని. వీధిలో కూరగాయల బండి కేక ఆగేదాకా చూసి, మూడుసార్లు పలికి పంపాను.