కలకత్తాలో చిన్న పత్రికల మనుషులు

కలకత్తా పుస్తకాల మేళా చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఈసారి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరుకున్నాను. మేళా జరిగేది సాల్ట్‌లేక్‌లో, కరుణామయి దగ్గర. పెద్ద ప్రచురణకర్తల స్టాళ్ల ముందు క్యూలు కట్టిన జనాన్ని దాటుకుని సరాసరి లిటిల్ మ్యాగజైన్ల, అంటే చిన్న సాహిత్య పత్రికల, పెవిలియన్‌కే వెళ్లాను. నేను బయల్దేరిందే దానికోసం.

అక్కడ విడివిడిగా స్టాళ్లుండవు. బారుగా వేసిన టేబుళ్ల మీద ఒక్కో పత్రికకీ కాస్త చోటు, అంతే. వెనక కుర్చీల్లో కూర్చుని అమ్ముతున్నది ఎడిటర్లే. జిల్లాల నుంచి సంచుల్లో మోసుకొచ్చిన సంచికలు కొనేవాళ్లకి ఇస్తూ, ఏ కవిత ముందు చదవాలో కూడా చెబుతున్నారు.

ఒక పెద్దాయన దగ్గర ఆగిపోయాను. నేను చూస్తున్న సంచికని అడిగి తీసుకుని, పెన్నుతో ఒక అచ్చుతప్పు దిద్ది మళ్లీ నా చేతికిచ్చారు. అమ్మే ప్రతి కాపీలోనూ అలాగే దిద్దుతున్నారట. "రాసినవాడికి అన్యాయం జరక్కూడదు కదా" అన్నారు హిందీలో.

"ఖర్చులెలా దాదా?" అనడిగాను. కొంత పెన్షను, తెలిసినవాళ్లిచ్చే ఒకటి రెండు ప్రకటనలు, మిగతాది ప్రెస్సులో బాకీ. పారితోషికం ఇవ్వలేరు, రాసినవాళ్లకి ఒక కాపీ ఇస్తారు. పక్కనే ఉన్న ఆయన భార్య ప్రూఫులు చూస్తారు, చందాదారుల చిరునామాలు రాస్తారు, పోస్టాఫీసుకీ ఆవిడే వెళ్తారు. పత్రికలో మాత్రం ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఉండాలి కదా దాదా అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆయన ఏమీ అనలేదు.

బెంగాల్‌లో ఇలా సొంతంగా చిన్న పత్రికలు నడపడం పాత అలవాటే. కవి బుద్ధదేవ్ బోస్ 1935లో 'కవిత' అనే పత్రిక పెట్టారు. 1953లో స్నేహితులతో కలిసి 'కృత్తివాస్' తెచ్చేనాటికి కవి సునీల్ గంగోపాధ్యాయకి ఇరవై ఏళ్లు కూడా లేవు.

మర్నాడు కాలేజ్ స్ట్రీట్‌కి వెళ్లాను. చిన్న పత్రికలకి పేరుపడ్డ పాతిరామ్ దుకాణం చూసుకుని, అక్కడికి దగ్గర్లోనే ఉన్న టామర్ లేన్‌లోకి నడిచాను. సందీప్ దత్తా ఇల్లున్న సందు అది. ఆయన బడిపంతులు. 1972లో నేషనల్ లైబ్రరీలో లిటిల్ మ్యాగజైన్లని పారేయడానికి కుప్పపోసి ఉండటం చూసి కడుపు మండిపోయింది. తానే సేకరించడం మొదలుపెట్టి, 1978లో సొంత ఇంట్లోనే లైబ్రరీ తెరిచారు. బాంగ్లా సాహిత్యం మీద పరిశోధన చేసే ఎందరికో అదే దిక్కయింది. 2023లో పోయారు. పత్రిక నడిపేవాళ్లతో సమానంగా ఆయన్నీ తలుచుకోవాలనిపించింది నాకు. నిన్న చూసిన ఆ దిద్దిన సంచికైనా, ఇలాంటివాడొకడు దాచిపెడితేనే కదా ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికైనా దొరికేది!

మనకీ వరంగల్‌లో 1966లో మొదలైన 'సృజన' లాంటి సాహిత్య పత్రికలు వచ్చాయి. పాత పత్రికలు వెతుక్కునేవాళ్లకి 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. కానీ ఊరూరా నాలుగైదు సంచికలు వచ్చి ఆగిపోయిన పత్రికల్ని ఎవరు దాస్తున్నారు? నాకు దాని మీదే బెంగ.

ఇంటికొచ్చాక అటక మీది పెట్టెలు దింపాను. ఏ పత్రికవి ఏ సంచికలున్నాయో రాసుకుంటున్నాను. జాబితా పూర్తికాగానే వేటపాలెం పంపి, వాళ్ల దగ్గర లేనివేవో అడుగుతాను.