సెకండ్ హ్యాండ్ ఎర్టిగా కొనేముందు ఏమేం చూశానంటే – నా అనుభవం

ఇంటిల్లిపాదికీ సరిపడే ఏడు సీట్ల బండి, పెట్రోల్, మాన్యువల్ గేర్లు. ఇవి కావాలనుకుని 2019, 2020 మోడల్ ఎర్టిగాలే వెతికాను. 2018 నవంబరులో వచ్చిన రెండో తరం ఇది. 1,462 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కి టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చేసే గొలుసు) ఉంటుంది కాబట్టి టైమింగ్ బెల్టు మార్చే ఖర్చు లేదు. చాలామంది బానెట్ ఎత్తి ఇంజిన్‌తోనే మొదలుపెడతారు. నేను మాత్రం దాన్ని చివర్లో చూశాను. క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు డబ్బు పెడితే కొత్తవి వస్తాయి. నీళ్లలో మునిగిన బండినీ, ఛాసిస్‌కి (బండి చట్రానికి) దెబ్బ తగిలిన బండినీ ఎంత ఖర్చు పెట్టినా బాగుచేయలేం. ముందు ఆ రెండూ తేలాలి.

2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటివాటిని కడిగి, సీట్ కవర్లు మార్చి వేరే ఊళ్లో అమ్ముతారు. పట్టుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది సీటు బెల్టు. మూడు వరసల్లోనూ ప్రతి బెల్టునీ ఇక రాదు అనేదాకా లాగి చూడాలి. బయటికి కనిపించే పట్టీని షాంపూతో రుద్ది కడుగుతారు గానీ, రీలులో చుట్టుకుని ఉండే చివరి మూర జోలికి ఎవరూ పోరు. అక్కడ గోధుమ రంగు మట్టి చార అడ్డంగా కనిపించినా, చేతికి గరుకుగా తగిలినా ఆ బండి వదిలేయాలి. తర్వాత సీటు పట్టాల బోల్టులు, స్టీరింగ్ కింద డాష్‌బోర్డు లోపలి ఇనుప బ్రాకెట్లు, కార్పెట్ కింది స్పాంజి. వాన తడవని ఆ చోట్లలో తుప్పో, మట్టో ఉందంటే నీళ్లు అంత ఎత్తుకి వచ్చాయన్నమాట. అద్దాలన్నీ ఎత్తి, ఏసీ ఆపి కాసేపు లోపల కూర్చుంటే పెర్ఫ్యూమ్ వెనకాల ఉన్న ముక్కిన వాసన బయటపడుతుంది. మునిగిన బండిలో వైర్లను కలిపే కనెక్టర్ల లోపలి పిన్నులు ఆకుపచ్చగా చిలుము పడుతూ పోతాయి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ లైట్లు కొన్న కొన్ని నెలలకు వెలగడం మొదలవుతాయి. అప్పుడు ఏ మెకానిక్కూ ఇదే చివరి రిపేరు అని మాటివ్వలేడు.

పాత ఇన్సూరెన్స్ పాలసీ కూడా అడిగి తీసుకోండి. ఒకే ఓనరు దగ్గర ఏళ్లుగా ఉన్న కారుకి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా ఉంటే, ఇటీవల క్లెయిమ్ అయి ఉండాలి, లేదా పాలసీ 90 రోజులకు మించి లాప్స్ అయి ఉండాలి. ఏదన్నది అడిగి తేల్చుకోవాలి.

దెబ్బల విషయానికొస్తే, బంపరుకి రంగు పడిందని బెంబేలెత్తక్కర్లేదు. మన రోడ్ల మీద గీతలు పడని బంపరు ఉండదు. చూడాల్సింది బానెట్, ఫెండర్ల బోల్టులు. తలల మీద పెయింట్ లేచి స్పానర్ గుర్తులుంటే ఆ భాగం విప్పారు. డోరు రబ్బరు బీడింగ్ లాగి చూస్తే లోపల కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు సమాన దూరంలో, గుండ్రంగా ఉండాలి. చుక్కలు పోయి నున్నగా ఉంటే కింద పుట్టీ. పెయింట్ మీటరు దొరికితే ఇంకా నయం: కంపెనీ రంగు సుమారు 80–150 మైక్రాన్లు ఉంటుంది, 300 దాటితే పుట్టీ ఉందని అనుమానించాలి. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరాలి. అసలు వెలగకపోతే ఏదో దాచినట్టే.

కిలోమీటర్లు తక్కువ చూపడానికి మీటరు వెనక్కి తిప్పడం మామూలైపోయింది. షోరూమ్ సర్వీస్ రికార్డులో ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లో వరసగా చూస్తే తెలిసిపోతుంది. పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి, మీటరు 30,000 చూపిస్తుంటే నమ్మొద్దు. టైరు మీద నాలుగంకెల డాట్ కోడ్ ఉంటుంది. 3219 అంటే 2019లో 32వ వారం తయారీ. ఎర్టిగాలు ట్యాక్సీగా ఎక్కువ తిరుగుతాయి, తర్వాత తెల్ల ప్లేటుకి మారుస్తారు. కాబట్టి ఆర్సీలో వాహన తరగతితో పాటు మొదటి రిజిస్ట్రేషన్ ఎలా జరిగిందో కూడా అడగాలి.

ఇక ఇంజిన్. పొద్దున్నే వెళ్లి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంటే స్టార్టింగ్ లోపం దాచడానికి ముందే నడిపి ఉంచారేమో అనుకోవాలి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి పదార్థం ఎక్కువగా పేరుకుని, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం. నీలం పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతోందనడానికి గుర్తు. మూడో గేరులో ముప్పై మీద వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు ఆర్‌పీఎం ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపితే టకటక శబ్దం వస్తే యాక్సిల్ జాయింట్ అరిగినట్టు. ఏసీ మాత్రం ఎండలో, వెనక వరసలో కూర్చుని చూడాలి. కూలింగ్ కాయిల్ లీకైతే డాష్‌బోర్డు విప్పాల్సి వస్తుంది, ఖర్చంతా ఆ కూలిలోనే.

ఓబీడీ స్కానర్‌లో (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే పరికరం) ఎర్రర్ కోడ్లు లేకపోయినా మానిటర్లు, అంటే కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు, ఇన్‌కంప్లీట్ అని చూపిస్తే, కోడ్లు అప్పుడే చెరిపి ఉండొచ్చు. కొంత దూరం నడిపి మళ్లీ చూడండి.

కాగితాల్లో ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోల్చాను. లోన్ ఉన్న బండికి ఫారం 35 (ఆర్సీలోంచి లోన్ తీసేయించే ఫారం), బ్యాంక్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికి వచ్చాకే పూర్తి డబ్బు. పెండింగ్ చలాన్లు కట్టించాకే బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుతోనే పోతుంది కాబట్టి, పెరిగే ప్రీమియాన్ని బేరమాడేటప్పుడే ధరలోంచి తగ్గించమని అడగొచ్చు.