ఇటుక బట్టీ పొగకు ఏ గ్రాఫిక్స్ కార్డు సరిపోయింది?

రెండు నెలలుగా ఆదివారాలు వెచ్చించి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్న 8 సెకన్ల ఇటుక బట్టీ షాటు, పొగ చేర్చగానే ఆగిపోయింది. సెకనుకు 24 చొప్పున 192 ఫ్రేములు కావలసి ఉండగా, నా ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060లో ఉన్న 12 జీబీల మెమరీ చాలక, దృశ్యాన్ని చిత్రంగా మలిచే (రెండరింగ్ చేసే) బ్లెండర్ భాగం సైకిల్స్ మొదటి ఫ్రేము దగ్గరే చేతులెత్తేసింది.

కొత్త కార్డు కొనే ముందు ఉన్న మెమరీ ఎటు పోతున్నదో లెక్క వేశాను. 4096 × 4096 పరిమాణం గల సాధారణ 8 బిట్ల రంగు చిత్రం ఒక్కొక్కటి 64 ఎంబీలు తీసుకుంటుంది. అదే చిత్రాన్ని 32 బిట్ల ఈఎక్స్‌ఆర్‌గా (రంగు విలువలను మరింత సూక్ష్మంగా దాచే ఫైలు రకం) ఇస్తే, అందులో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానెళ్లే అయినా నాలుగింటి చోటు ఆక్రమించి 256 ఎంబీలకు చేరుతుంది. ఇటుకల ఎగుడుదిగుళ్ల కోసం నేను వాడిన 12 మ్యాపులూ నలుపు తెలుపు చిత్రాలే అయినప్పటికీ, అజాగ్రత్తగా అలాంటి రంగు ఈఎక్స్‌ఆర్‌లుగానే భద్రపరచి ఉన్నాను. వాటిని ఒకే చానెల్‌కు మార్చగానే 3 జీబీల బరువు 768 ఎంబీలకు దిగింది. అయినా పొగతో కలిపి 13.6 జీబీలు తేలింది.

హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పనిచేసే మిత్రుడు తన సొంత ఆర్‌టీఎక్స్ ఎ4000 అనే ప్రొఫెషనల్ (వృత్తి పనుల కోసం చేసిన) కార్డును రెండు వారాలకు ఇచ్చాడు. 16 జీబీల మెమరీ, ఒకే స్లాటు మందం, 140 వాట్ల వినియోగం, ఒక్క 6 పిన్నుల తీగ: చేతిలోకి తీసుకుంటే ఇంత సన్నని వస్తువా అనిపించింది. వేడిగాలిని వెనుక నుంచి డబ్బా బయటికి నెట్టేస్తుంది కనుక బెజవాడ ఎండల్లోనూ నిలకడగా నడిచింది. ఫ్రేముకు 4 నిమిషాల 30 సెకన్ల చొప్పున మొత్తం షాటుకు 14 గంటల 24 నిమిషాలు పట్టింది. ప్రొఫెషనల్ కార్డుకు అదనంగా ఇచ్చే డబ్బులో మెమరీ దోషాలను సరిదిద్దే ఈసీసీ, సాఫ్ట్‌వేర్ సంస్థలు పరీక్షించి ధ్రువీకరించిన డ్రైవర్లు కూడా ఉన్నాయి. వాటి సంగతి అడిగితే మిత్రుడు నవ్వి, "నీ పొగకు వంకలు పెట్టే క్లయింటు ఎవడున్నాడురా?" అన్నాడు. ఒకప్పుడు 10 బిట్ల రంగు (ఛాయల మధ్య మెట్లు మరింత నునుపుగా కనిపించే రంగు) కోసం ప్రొఫెషనల్ కార్డే కొనమనేవారు. 2019లో స్టూడియో డ్రైవర్ల ద్వారా ఆ సౌకర్యం మామూలు వినియోగదారుల జీఫోర్స్ కార్డులకూ వచ్చింది కాబట్టి ఆ కారణమూ నాకు మిగలలేదు.

తరువాతి షాటులో రెండు పొగ గొట్టాలు ఉన్నాయి, నా అంచనా 19 జీబీలు. అంటే 24 జీబీలు తప్పవు. అంత మెమరీ ఉన్న ప్రొఫెషనల్ కార్డు ఎ5000 ధర నాకు అందనిది కావడంతో, అంతే మెమరీ ఉన్న వాడేసిన జీఫోర్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3090 తీసుకున్నాను.

దీనితో అసలు పని అప్పుడు మొదలైంది. 3090లో సగం మెమరీ చిప్పులు బోర్డు వెనుక వైపు ఉంటాయి, అటువైపు ఫ్యాన్ ఉండదు. మొదటి రాత్రే మెమరీ వేడి 104 డిగ్రీలు చూపడంతో రెండరింగ్ ఆపేశాను. విప్పి చూస్తే థర్మల్ ప్యాడ్లు (చిప్పుల వేడిని లోహపు పలకకు చేర్చే మెత్తని పట్టీలు) ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలాయి. ప్యాడ్ల మందం కార్డును బట్టి మారుతుంది కాబట్టి పాతవి కొలిచిన తరువాతే కొత్తవి తెప్పించాను. ఇప్పుడు 88 దాటడం లేదు. ఆపైన ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ (కార్డును అదుపు చేసే ఎన్‌విడియా సాధనం) ఆదేశంతో 350 వాట్ల విద్యుత్ పరిమితిని 280కి తగ్గించాను. ఫ్రేము సమయం 2 నిమిషాల 31 సెకన్ల నుంచి 2 నిమిషాల 40 సెకన్లకు పెరిగింది, అంతే. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసిన ప్రతిసారీ ఈ పరిమితి పోతుంది కనుక, విండోస్ మొదలవగానే ఆదేశం నడిచేలా పెట్టుకున్నాను.

192 ఫ్రేములు 8 గంటల 32 నిమిషాల్లో ముగిశాయి. పరిమితుల ప్రకారం చూస్తే కార్డు వరకే సుమారు 2.4 యూనిట్ల కరెంటు; ఎ4000కు ఇదే పని 2 యూనిట్లు. తేడా అర యూనిట్ కూడా లేదు. అయితే గదిలోకి వచ్చే వేడి మాత్రం తెల్లవారేసరికి ఒంటికి తెలుస్తుంది. ఉదయం గది తలుపు తీయగానే అమ్మ "ఇక్కడే బట్టీ పెట్టావా?" అంది.

మిత్రుడి కార్డు తిరిగి ఇచ్చేశాను. రెండు గొట్టాల షాటులో ముందుగా 10 ఫ్రేములు మాత్రమే నడిపి, మెమరీ నిజంగా 19 దగ్గర ఆగుతుందో లేదో చూడాలి.